కర్కశం అని టిక్కు పెట్టిన చెయ్యి

నా గొంతు బాగుంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నవాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. అయినా మండుతుంది. రిటైరై ఆరేళ్ళయింది, ఆ మంట మాత్రం రిటైరవలేదు.

పోయిన నెల ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసిన సంస్థలో కొత్తగా చేరిందట. "మీ పాత రికార్డింగులన్నీ విన్నాను మేడమ్. తేనె పోసినట్టున్నాయి. వాటితో కంప్యూటర్ గొంతు తయారుచేస్తున్నాం. ఇకమీదట ఏ హెచ్చరిక అయినా టైపు చేస్తే చాలు, అన్ని ఊళ్ళలోనూ మీ గొంతే చదివేస్తుంది" అంది. నేను ఎంతో సంతోషపడతాననుకుని చెప్పింది పాపం. నేను ఫోన్లోనే అరిచాను. ఏమరిచానో కూడా సరిగ్గా గుర్తులేదు. ఆ పిల్ల బెదిరిపోయి, "సారీ మేడమ్" అని పెట్టేసింది.

మర్నాడు నేనే ఫోన్ చేసి, క్షమించమని అడిగి, ఎందుకు అరిచానో చెప్పాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మైకు ముందు నిలబడే పిల్లలూ, నిలబడాలని కలలుగనే పిల్లలూ, మీ కోసమే. ఎవరి పేర్లూ రాయను. సంస్థ పేరూ రాయను, ఆ ఊరి పేరూ రాయను. ఆర్యపల్లికీ మార్కండికీ మధ్య ఇసుక మీద ఉన్న ఒక పల్లె అనుకోండి, చాలు.

మాది బరంపురం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో అమ్మ మాట "ఏటే, ఎక్కడికెల్లిపోనావు?" అన్నట్టుండేది. బడిలో ఎక్కువమంది ఒడియా పిల్లలు. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే వాళ్ళొక రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి మా చెవి దగ్గర ఆడించేవాళ్ళు. మీ భాష మాకిలా వినబడుతుంది అని అర్థం. సెలవులకి విజయవాడలో పిన్ని ఇంటికి వెళితే అక్కడి పిల్లలు ఇంకో రకంగా నవ్వేవాళ్ళు. నా తెలుగులో ఒడియా రాగం ఉందట, పైగా 'సూడు', 'సెప్పు' అంటున్నానట. ఇక్కడా నవ్వే, అక్కడా నవ్వే. పద్నాలుగేళ్ళ వయసులో నేనొక నిర్ణయం తీసుకున్నాను. అద్దం ముందు నిలబడి నాలిక దిద్దుకున్నాను. చెప్పు, చూడు, వెళ్ళు, ఏమిటి. రోజూ అదే పని. అమ్మ చూసి, "ఏటమ్మా, నోట్లో సెనగ్గింజ ఎట్టుకున్నట్టు మాటాడతన్నావు?" అనేది. నాకు కోపం వచ్చేది. అమ్మతో బయటికి వెళ్ళినప్పుడు ఆవిడ నోరు విప్పకుండా ఉంటే బాగుండునని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి.

ఆ దిద్దుకున్న నాలికే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. రైతులకీ జాలర్లకీ ఉపయోగపడే మాటలు రికార్డు చేసి, ఊళ్ళలో స్తంభాలకి కట్టిన మైకుల్లో వినిపించడం మా సంస్థ పని. దిగపహండి వైపు రైతులకి ఒడియాలో, సముద్రం పక్క పల్లెలకి తెలుగులో. తెలుగు గొంతు నాది. మా డైరెక్టరుగారు ఒడియా ఆయన, మర్యాదస్తుడు, తెలుగు ముక్క రాదు. కానీ ఎవరొచ్చినా, "తెలుగు చాలా మధురమైన భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, ఈవిడ గొంతులో వినండి" అని చెప్పేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. ఎవరి చెవికి మధురం, ఎంత దూరం నుంచి మధురం అని నేనూ అడగలేదు, ఆయనకీ తోచలేదు.

భాషలో కొన్ని శబ్దాలు మెత్తన, కొన్ని గరుకు అని మాకు శిక్షణలో చెప్పారు. ల, మ, న, య చెవికి హాయి. ట, డ, ణ, ళ గుచ్చుకుంటాయి. కాబట్టి రాసేటప్పుడే మెత్తని మాటలు ఏరుకోవాలి. నేను బుద్ధిగా ఏరుకున్నాను. ఒడ్డు తీసేసి తీరం పెట్టాను. పడవ తీసేసి నావ పెట్టాను. తరవాత చేరిన పిల్లలకి కూడా అదే నేర్పాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. అమ్మ నన్ను ఎత్తుకుని ఆడించిన మాటలన్నీ ట లూ డ లే కదా. బుట్టీ, బుడ్డీ, ఏటే నా సిట్టీ. ఏ పిల్ల చెవికి గుచ్చుకున్నాయవి? నా ఉద్యోగ జీవితంలో విన్న అతి కఠినమైన మాట మా డైరెక్టరుగారి నోటి నుంచి వచ్చేది. "దేఖిబా." చూద్దాం లెండి అని. ఒక్క గరుకు అక్షరం లేదు అందులో. ఎంత మెల్లగా, ఎంత నవ్వుతూ అనేవారో! ఆ మాట పడిందంటే ఆ పని ఇక ఈ జన్మలో జరగదు.

ఇక ఆ పల్లె సంగతి.

అక్కడ పడవలు కట్టుకోడానికి రేవు లేదు. ఇసుక మీదికే తోలుకురావాలి. ఒడ్డుకి కొంచెం దూరంలో కెరటాలు విరుగుతాయి. తిరిగొచ్చే పడవ ఆ విరిగే చోటుకి అవతలే ఆగి, నాలుగు పెద్ద కెరటాలు దాటిపోయాక వచ్చే చిన్న సందులో ఒక్క ఊపున ఒడ్డెక్కాలి. పడవలో ఉన్నవాళ్ళకి కెరటాల వీపులు తప్ప ముందేముందో కనబడదు. వెనక నుంచి ఏది వస్తోందో చూసుకుంటూ ఇంజను నడపడం ఒక్క మనిషి వల్ల కాదు. అందుకని ఒడ్డు మీద ఎత్తుగా ఉన్న చోట ఒకరు నిలబడి పిలుస్తారు. ఆగమని ఒక పిలుపు, రమ్మని ఒక పిలుపు. పడవవాళ్ళు ఇంజను తగ్గించి చెవులు రిక్కించి వింటారు. ఆ ఊళ్ళో తరతరాలుగా ఇదే పద్ధతి.

ఆ పని మొదట ఒక ముసలాయనది. ఆయన పోయాక కోడలికి వచ్చింది, గొంతు ఉన్నది ఆమెకే కాబట్టి. ఆడమనిషి పిలవడమేమిటని కొందరు గొణిగారట. రెండు తుఫాన్లు వచ్చి వెళ్ళాక గొణుగుడు మానేశారు.

మా సంస్థ ఆ ఊళ్ళో మైకు స్తంభం వేసినప్పుడు, స్థానిక గొంతు ఒకటి ఉంటే బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు. ఊరివాళ్ళు ఈమెనే పంపించారు. బరంపురంలో మా రికార్డింగు గదికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. ముదురాకుపచ్చ చీర, చేతుల్లో ఎండుచేపల వాసన, ఆ వాసన గురించి ఎవరేమనుకుంటారో అనే బెరుకు ఏ కోశానా లేదు. నేను మైకుకి జానెడు దూరంలో నిలబెట్టి, మెల్లగా మాట్లాడమన్నాను. ఆమె మైకుని ఎగాదిగా చూసి, మూడడుగులు వెనక్కి నడిచి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, మొహం పక్కకి తిప్పి ఒక్క పిలుపు పిలిచింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయింది. నేను చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేశాను.

"అంత గట్టిగా కాదమ్మా" అన్నాను.

"ఇది ఇంట్లో మాటాడుకోడానికా, సంద్రంలో మనిసిని పిలవడానికా?" అంది.

"యంత్రం పెద్దది చేస్తుంది. మీరు తియ్యగా చెబితే చాలు."

"తియ్యగా సెప్తే ఇనబడతాదా మేడంగోరూ?" నిజంగానే అడిగింది, ఎకసెక్కం లేదు. "మాట మొదల్ని కెరటం తినేత్తాది. సివర్ని గాలి తినేత్తాది. నడుమ మిగిలిందే మనిసికి సేరతాది. అందుకే మేం నడుముని సాగదీత్తాం."

నేను నవ్వాను. ఏమీ తెలియని మనిషిని చూసి జాలిపడే నవ్వు. ముప్పై ఏళ్ళ సర్వీసులో భాషా శబ్దాల గురించి నాకు ఎవరైనా చెప్పిన అసలైన పాఠం ఆ మూడు ముక్కలే. అది విని నేను నవ్వాను!

మా దగ్గర ఒక ఫారం ఉండేది. 'స్వరం' అనే చోట మూడు గడులు. మధురం, సాధారణం, కర్కశం. మూడోదాని మీద టిక్కు పెట్టాను. ఎంత నొక్కి పెట్టానంటే కాగితం వెనక్కి అచ్చు పడింది. అంత కసి ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆ గొంతులో మా అమ్మ ఉంది. అద్దం ముందు నిలబడి నేను తరిమేసిన సూడూ సెప్పూ ఎల్లూ అన్నీ ఆ మనిషి వెంట నా గదిలోకి తిరిగొచ్చేశాయి.

మా టెక్నీషియన్ ఒకడు ఉండేవాడు, నా దగ్గర చనువున్న మనిషి. ఫారం చూసి, "అక్కా, నువ్వు తప్పు రాసినావు. నీ గొంతు గదిలో బాగుంటాది. అక్కడ గాలి ఎలాగుంటాదో నాను సూసినాను. ఈవిడ గొంతే పనికొస్తాది" అన్నాడు. నీ పని తీగలు కలపడం, అది చూసుకో అన్నాను.

చివరికి నా గొంతే రికార్డు చేశాం. ముందు కాస్త వీణ. తరవాత, "మత్స్యకార సోదరులకు విన్నపం. సముద్రంలో అలల తీవ్రత పెరుగుతున్నందువలన, దయచేసి మీ నావలను నెమ్మదిగా తీరానికి మళ్ళించవలసిందిగా మనవి." మళ్ళీ వీణ. డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. అర్థం కాకుండానే ఆనందించారు.

కొన్ని నెలల తరవాత సంస్థకి సాయం చేసేవాళ్ళు కొందరు మా పని చూడటానికి దూరం నుంచి వచ్చారు. వాళ్ళని ఆ పల్లెకే తీసుకెళ్ళాం. టెక్నీషియన్ ఇంట్లో పెళ్ళి ఉండి సెలవు పెట్టాడు. మైకు పెట్టె తాళం నా చేతికిచ్చి, "ఏదైనా తేడా వస్తే తాళం ఎడమకి తిప్పేయ్ అక్కా, అంతా ఆగిపోతాది" అని చెప్పాడు. ఆ రోజు పొద్దుటి నుంచే గాలి మొదలైంది. పది గంటలకల్లా సముద్రం రంగు మారింది. హెచ్చరిక చూపించడం కోసం కాదు, నిజంగానే వచ్చింది. డైరెక్టరుగారికి ఒక పక్క కంగారు, ఇంకో పక్క సంబరం. వచ్చినవాళ్ళ ముందు మైకు అసలు పని చేసి చూపించే అవకాశం దొరికిందని.

తాళం కుడికి తిప్పాను. వీణ మోగింది. నా గొంతు మొదలైంది. ఒకసారి పూర్తయి మళ్ళీ, పూర్తయి మళ్ళీ, ఆగకుండా. వచ్చినవాళ్ళు కెమెరాలు తీశారు.

ఉదయం వెళ్ళిన పడవల్లో నాలుగు ఇంకా రాలేదు. చూస్తుండగానే అవి కనబడ్డాయి, కెరటాలు విరిగే చోటుకి అవతల, కాసేపు పైకి తేలుతూ కాసేపు మాయమవుతూ. ఆమె తన చోటికి పరుగెత్తి పిలిచింది. మైకు స్తంభం సరిగ్గా ఆమె వెనకే ఉంది. నా గొంతులో ఆమె పిలుపు మునిగిపోయింది. నాకే వినబడలేదంటే ఆ పడవల్లో వాళ్ళకేం వినబడుతుంది?

ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"కట్టీండి మేడంగోరూ! ఆ మైకు కట్టీండి! నాలుగు బోట్లు ఆడే ఉన్నాయి. మా మరిది ఉన్నాడు ఆ ముందుదాంట్లో. ఆల్లకి నా పిలుపు ఇనబడాల!"

నేను డైరెక్టరుగారి వైపు చూశాను. ఆయన చెయ్యి కొంచెం ఎత్తి, "ఐదు నిమిషాలు, వీడియో తీసుకుంటున్నారు" అని ఒడియాలో మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నారు.

ఇంతవరకు నేను చాలామందికి చెప్పాను. ఆఫీసరు వద్దన్నారు, నేను చిన్న ఉద్యోగిని, ఏం చేయగలను అని. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. చెప్పని ముక్క ఇంకొకటుంది. ఆయన మాటకి భయపడి ఆగినది కొంతే. మిగిలినదంతా వేరు. ఎప్పుడూ గదిలో, చెవులకి తగిలించుకుని వినడమే గాని, నా గొంతు ఆకాశం కింద అంత పెద్దగా మోగుతుంటే వినడం నాకు అదే మొదటిసారి. బాగుందనిపించింది. 'మళ్ళించవలసిందిగా' అన్న దగ్గర నేను నేర్చుకున్న విరుపు ఎంత బాగా పడిందో అని వింటున్నాను. ఒక మనిషి ఎదురుగా నిలబడి ప్రాణాలు పోతాయని అరుస్తుంటే, తాళం చేతిలో పెట్టుకుని నా గొంతు నేను వింటున్నాను.

ముందు పడవ ఎంతసేపు ఆగుతుంది? పిలుపు వినబడక తెగించి వచ్చేసింది. అది సందు కాదు. మూడో పెద్ద కెరటం పడవ వెనక భాగాన్ని ఎత్తి, అడ్డంగా తిప్పి, బోర్లా కొట్టింది. ఇద్దరు దూరంగా పడ్డారు, ఈదుకొచ్చారు. ఇంజను దగ్గరున్నవాడు, ఆమె మరిది, పడవ అంచు కింద పడ్డాడు. మగవాళ్ళు నీళ్ళలోకి ఉరికి లాక్కొచ్చారు. ప్రాణముంది. కుడికాలు తొడ దగ్గర నుంచి నుజ్జయిపోయింది.

అప్పుడు తాళం తిప్పాను. నా గొంతు 'దయచేసి' దగ్గర తెగిపోయింది.

సముద్రం హోరు ఒక్కసారి మీద పడింది. ఆమె అప్పటికే తన చోట ఉంది. పిలిచింది. దాన్ని ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. మాట కాదది. గొంతు అడుగు నుంచి వచ్చిన ఒక్క అచ్చు, గీరుకుపోతూ, సాగి సాగి, కెరటం పైనుంచి వెళ్ళిపోయింది. ఆగమని. అవతల మూడు పడవల ఇంజన్ల చప్పుడు తగ్గింది. ఆమె చాలాసేపు పిలవలేదు. కెరటాలు చూస్తోంది. వెనక ఇసుక మీద మరిది కేకలు పెడుతున్నాడు, తోటికోడలు గుండెలు బాదుకుంటోంది. ఆమె తల తిప్పలేదు. తరవాత ఇంకో పిలుపు, పైకి లేచేది. రమ్మని. ఒక పడవ వచ్చింది. మళ్ళీ ఆగమంది. మళ్ళీ రమ్మంది. మూడూ ఒడ్డెక్కాకే వెనక్కి తిరిగింది.

నన్ను తిట్టలేదు. దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఆ పెట్టె తాళం మాకిచ్చీండి. మీరు మోగించుకోండి. ఆపడం మాత్రం మా సేతిలో ఉండాల" అంది. నేను ఆ మాట డైరెక్టరుగారికి ఒడియాలో చెప్పాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. పాపం ఆయనకీ భయమేసింది. అయినా ఎంతో మెత్తగా, "దేఖిబా" అన్నారు.

తాళం ఇవ్వలేదు.

ఆ ఏడాది సంస్థ నివేదికలో ఏం రాశారో తెలుసా? సకాలంలో మధురమైన స్వరంతో చేసిన హెచ్చరిక వల్ల మూడు పడవలు క్షేమంగా తీరం చేరాయి అని. నాలుగో పడవ ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆమె కూడా లేదు. ఛత్రపురంలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఆమెని కూడా పిలిచారు, చప్పట్లు కొట్టడానికి. వెనక వరసలో కూర్చుంది. ఆవిడతో రెండు ముక్కలు మాట్లాడించండి అని టెక్నీషియన్ అడిగితే, నిర్వాహకుల్లో ఒకరు, "ఆ గొంతు హాల్లో బాగుండదండీ" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను. శాలువా సర్దుకున్నాను.

ఇంటికొస్తే అమ్మ ఆ జరీ తడిమి చూసి, "ఎందుకిచ్చారే?" అంది.

"గొంతు బాగుందని."

"ఎవులికి బాగుందట?" అంది అమ్మ. ఊరికే అడిగింది. ఆవిడకి ఏ సంగతీ తెలియదు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆ తరవాత కూడా పన్నెండేళ్ళు పనిచేశాను. ఉద్యోగం మానేయలేదు, నివేదిక తప్పని రాయలేదు, తాళం కోసం ఇంకో రెండుసార్లు అడిగి రెండుసార్లూ 'దేఖిబా' విని ఊరుకున్నాను. ఫారంలో ఆ మూడు గడుల మీద టిక్కులు కూడా పెడుతూనే వచ్చాను. కాబట్టి పిల్లలూ, నా కోపంలో సగం ఎవరి మీదో మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ మిగిలిన సగం వాళ్ళ మీదే. గదిలో కూర్చుని మెత్తనివాటికి మార్కులు వేసే ప్రతివాళ్ళ మీదా. చెవి ఒక్కటే కొలబద్ద అనుకున్నాం, అదీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెవి. నీళ్ళలో ఉన్నవాడి చెవికి ఏది తీపి అని ఒక్కరం అడగలేదు.

ఇదంతా ఫోన్లో విన్నాక ఆ అమ్మాయి, "నన్ను అక్కడికి తీసుకెళ్తారా మేడమ్?" అంది. మంచి పిల్ల. పోయిన వారం వెళ్ళాం.

పడవల్ని పిలిచిన ఆమె ముసలిదైంది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఇప్పుడు పిలవదు, ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళకి నేర్పి వాళ్ళచేత పిలిపిస్తోంది. మరిది స్తంభం నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు, కర్ర పక్కన పెట్టుకుని. అప్పటి నుంచి అతను సముద్రంలోకి వెళ్ళలేదు. అమ్మాయి కంప్యూటర్ గొంతు గురించి చెబితే ఆమె ఓపిగ్గా వింది.

"ఎవులి గొంతైతే ఏటి? ఎట్టుకోండి. ఆపడం ఎవులి సేతిలో ఉంటాది?"

"అదంతా బరంపురం ఆఫీసు నుంచే అమ్మా. ఇక్కడ తాళాలూ అవీ ఉండవు. కావాలంటే నేను అడిగి చెప్తాను" అంది అమ్మాయి, చాలా మర్యాదగా.

ముసలామె నా వైపు చూసింది. నాకు చెవుల్లో 'దేఖిబా' మోగింది. "అడగడం కాదు. ఇక్కడ ఆపే మీట లేకపోతే నా గొంతు ఇవ్వనని రాసుకో. నా పేరుతోనే రాయి, సంతకం పెడతాను" అని కసిరాను. ఆ పిల్ల తన పలక లాంటి యంత్రంలో గబగబా రాసుకుంది.

అప్పుడు అడిగాను. ఇన్నేళ్ళూ అడగలేనిది. "ఆ రోజు నేను ముందే ఆపి ఉంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. మరిది పది అడుగుల దూరంలో ఉన్నాడు.

"తెల్సు" అంది ఆమె. "నాను మీ మొకమే సూత్తన్నాను గదా. మీరు మీ గొంతే ఇంటన్నారు."

అంతే అంది. వల సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

కాసేపటికి ఆమే లేచి, నా చెయ్యి పట్టుకుని ఎత్తు మీదికి తీసుకెళ్ళింది. దూరంగా ఒక పడవ వస్తోంది. సముద్రం నెమ్మదిగా ఉంది, ప్రమాదమేమీ లేదు. "ఒకపాలి పిలండి సూద్దాం" అంది. నేను గొంతు సవరించుకుని పిలిచాను. ఆమె చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింది. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పిలిచాను. గొంతు చీరుకుపోయేలా పిలిచాను. పడవలో ఒక్క తల కూడా ఇటు తిరగలేదు.

"నేదమ్మా. ఇది ఎల్లదు" అంది. బాధపెట్టాలనీ కాదు, ఓదార్చాలనీ కాదు. చేప తాజాదో కాదో చెప్పినట్టు చెప్పింది.

అమ్మాయి యంత్రం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. తెర మీద నా పేరు, దాని కింద స్వరం, దాని పక్కన అవే మూడు గడులు. కాగితం పోయింది గాని గడులు పోలేదు. మొదటిదాని మీద ఎవరో ముందే టిక్కు పెట్టి ఉంచారు.

"అది తీసెయ్. ఆవిడ చెప్పింది రాయి. ఎల్లదు అని" అన్నాను.

"ఆ గడి ఇందులో లేదు మేడమ్" అంది.

"లేకపోతే గీయి" అన్నాను.